ఛత్తా బజార్ కాతిబులు, వెయ్యేళ్లుగా మారని కలం

ఉర్దూ రాతలో చేయి తిరిగిన లేఖకుణ్ణి కాతిబు అంటారు. అతని చేతిలోని కలం జానెడు పొడవున్న ఎండు రెల్లు కాడ. దాని కొనను ఏటవాలుగా చెక్కి, మధ్యలో సన్నని చీలిక పెట్టి, చివరను ఒకే కత్తివేటుతో వాలుగా తెంచుతారు. అంతటితో కలం సిద్ధం. సిరా నిలవ ఉంచుకునే గొట్టం, మూత, మరలు ఏవీ ఉండవు. పదో శతాబ్దంలో బాగ్దాదు లేఖకులు పట్టిన కలానికీ, ఇరవయ్యో శతాబ్దం చివర హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తా బజార్ కాతిబులు పట్టిన కలానికీ రూపంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ మధ్యకాలంలో కాగితం మారింది, రాజ్యాలు మారాయి, అచ్చు యంత్రాలు కొన్ని తరాలు వచ్చి పోయాయి. ఉర్దూ రాతను యంత్రానికి తగ్గట్టు వంచాలని చేసిన ప్రయత్నాలు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. చివరికి యంత్రమే కలం గీసిన అక్షరాల దగ్గరికి రావాల్సి వచ్చింది. ఆ చరిత్రలో పాతబస్తీకి పెద్ద వాటా ఉంది.

కలం ఇంతకాలం మారకుండా ఉండడానికి కారణం ఆ వాలు కోతలోనే ఉంది. మొనను కాగితం మీద ఒకే కోణంలో పట్టి అడ్డంగా లాగితే ఒక మందం, నిలువుగా లాగితే మరో మందం, మొన అంచు వెంబడి జరిపితే వెంట్రుకంత సన్నని గీత వస్తాయి. ఒత్తిడి పెంచడం, తగ్గించడం అక్కర్లేదు. చేయి తిరిగిన దిక్కును బట్టి లావూ సన్నమూ వాటంతటవే ఏర్పడతాయి. కలాన్ని ఒకసారి ఆనించి కాస్త జరిపి ఎత్తితే వజ్రాకారంలో ఒక చుక్క పడుతుంది. దాన్ని నుఖ్తా అంటారు. ఈ రాతలో కొలబద్ద అదే. బాగ్దాదు ఖలీఫాల దగ్గర వజీరుగా పనిచేసి 940లో మరణించిన ఇబ్న్ ముఖ్లా అక్షరాలకు చుక్కల కొలత ఏర్పరచాడని లిపి చరిత్ర చెబుతుంది. సుల్స్ శైలిలో అలిఫ్ ఎత్తు ఏడు చుక్కలు. పద్నాలుగో శతాబ్దం చివర ఇరాన్‌లో రూపుదిద్దుకుని, ఆ తర్వాత ఉర్దూకు సొంత రాతగా స్థిరపడ్డ నస్తాలిక్‌లో మూడే చుక్కలు. ఈ శైలికి ఆద్యుడిగా మీర్ అలీ తబ్రీజీ పేరు చెబుతారు.

కలం మొన వెడల్పే కొలత కాబట్టి, మొన పెద్దదైతే అక్షరమంతా అదే పాళ్లలో పెరుగుతుంది. ఉంగరం మీద పట్టే పేరైనా, మసీదు గోడ మీది పంక్తి అయినా లెక్క ఒకటే. కొలత, కోణం, మందం మూడూ ఒకే కోతలో ఇమిడి ఉన్నాయి. ఇలాంటి పనిముట్టుకు ఏదైనా చేరిస్తే ఆ మూడింటిలో ఒకటి చెడుతుంది. తరువాతి కాలంలో వచ్చిన బాల్‌పెన్‌తో కాతిబులకు పొసగకపోవడం ఇందుకే. అది ఏ దిక్కుకు లాగినా ఒకే మందం గీస్తుంది. ఇనుప పాళీని మాత్రం సన్నని రాత కోసం చాలామంది తీసుకున్నారు. కానీ దాన్ని దుకాణంలో కొన్నట్టుగా వాడలేదు. మొన కత్తిరించి, సాన మీద రుద్ది, రెల్లు కలం వాలు దానికి తెచ్చాకే కాగితం మీద పెట్టారు.

కలం చుట్టూ ఉన్న సామగ్రి కూడా కొద్దిదే. చెక్కడానికి ఖలంతరాష్ అనే చిన్న కత్తి, మొన తెంచేటప్పుడు కింద పెట్టుకునే ఎముక ముక్క, దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి నూరిన సిరా. దవాతులో, అంటే సిరాబుడ్డిలో, కాస్త పట్టు నూలు వేస్తారు. కలం ఆ నూలును తాకి కావలసినంత సిరానే తీసుకుంటుంది, అడుగుకు మునగదు. కాగితానికి గంజి పూసి, ఆరాక అగేటు రాయితో నునుపు తేలేదాకా రుద్దేవారు. శిష్యులు మొదట చెక్క తఖ్తీ మీద మట్టి పూసి రాసేవారు. తప్పు రాస్తే కడిగి మళ్లీ పూయడమే. ఈ అభ్యాసాన్ని మష్ఖ్ అనేవారు, ఉస్తాద్ చేసే దిద్దుబాటును ఇస్లాహ్ అనేవారు. ఏళ్ల తరబడి సాగే ఈ చదువులో కలం చెక్కడం రావడమే మొదటి పరీక్ష. కోత చెడితే ఎంత చేయి తిరిగినవాడి అక్షరమూ నిలవదు.

హైదరాబాద్‌కు ఈ విద్య నగరంతో పాటే వచ్చింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నగరం కట్టించినప్పుడు, ఇరాన్ నుంచి వచ్చిన పండితులు, శిల్పులు, లేఖకులు గోల్కొండ కొలువులో ఉన్నారు. నగర నిర్మాణంలో పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, కీలక పాత్ర వహించిన మీర్ మోమిన్ కూడా ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడే. చార్మినార్‌కు నడక దూరంలో, 1590ల్లో కట్టిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద రంగుల పెంకులతో, మొహర్రం పీరైన అలం ఆకారంలో కూర్చిన అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ పెంకులను కోసి అతికిన చేతులు వేరు, అంతకుముందు ఆ అక్షరాలను కొలిచి గీసిన చేయి వేరు. రాయి మీదైనా పెంకు మీదైనా తొలి రూపం కలం ఇచ్చిందే. గోల్కొండలోని కుతుబ్‌షాహీ సమాధుల నల్లరాతి శాసనాల్లో గీత ఎక్కడ లావై ఎక్కడ సన్నమవుతుందో చూస్తే, ఉలి కలాన్ని ఎంత నమ్మకంగా అనుసరించిందో తెలుస్తుంది.

కొలువు కచేరీల్లో ఫారసీ ఒక్కటే నడవలేదు. కుతుబ్‌షాహీల ఫర్మానాల్లో కొన్నింటిలో ఫారసీ పాఠంతో పాటు తెలుగు పాఠమూ ఉంటుంది. తాటాకు మీద గంటంతో గీయడం అలవాటైన తెలుగు లేఖకులు కాగితం మీదికి వచ్చేసరికి వాళ్లకూ కలమే దిక్కయింది. నిజాములైన అసఫ్‌జాహీల కాలానికి దఫ్తరాలు మరీ పెరిగాయి. జమాబందీ లెక్కలు, జాగీరు సనదులు, అర్జీలు అన్నీ చేతిరాతే. తొందర పని కోసం మున్షీలు షికస్తా అనే గొలుసు రాత వాడేవారు. ఆ కాగితాల్లో పెద్ద భాగం, అంతకుముందరి మొగలుల కాలం నాటివాటితో పాటు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. 1880ల మధ్యలో నిజాం ప్రభుత్వం పాలనా భాషగా ఫారసీ స్థానంలో ఉర్దూను తెచ్చింది. భాష మారినా రాసే పద్ధతి, రాసే చేతులు, పనిముట్టు మారలేదు.

అచ్చు సంగతి వచ్చేసరికి చిక్కు మొదలైంది. లోహపు అచ్చులకు అక్షరాలు విడివిడిగా, ఒకే గీత మీద నిలబడాలి. నస్తాలిక్ అలా నిలబడదు. ప్రతి పదం కుడివైపు పైనుంచి ఎడమకు కిందికి వాలుతూ దిగుతుంది. ఒకే అక్షరం ముందు ఏది ఉంది, వెనక ఏది ఉంది అన్నదాన్ని బట్టి ఎన్నో రూపాలు దాలుస్తుంది. చుక్కలు పక్క అక్షరానికి తగలకుండా చోటు వెతుక్కుంటాయి. చార్లెస్ విల్కిన్స్ పద్దెనిమిదో శతాబ్దం చివర బెంగాల్‌లో నస్తాలిక్ అచ్చులు పోయించాడు. ఫోర్ట్ విలియం కాలేజీ కాలంలో గిల్‌క్రిస్ట్ అలాంటి అచ్చులతో హిందూస్తానీ పుస్తకాలు వేయించాడు. చదవరులకు ఆ పేజీలు నచ్చలేదు. అక్షరాల మధ్య అతుకులు కనబడేవి, వాలు పోయేది.

దారి చూపింది బవేరియాకు చెందిన అలోయిస్ సెనెఫెల్డర్ 1796లో కనిపెట్టిన రాతి అచ్చు. నూనెకూ నీటికీ పడదన్న సంగతి ఆధారంగా నడిచే పద్ధతి ఇది. కాతిబు పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో రాస్తాడు. ఆ కాగితాన్ని సున్నపురాయి పలక మీద బోర్లించి ఒత్తితే రాత రాతికి దిగుతుంది. పలకను తడిపి అచ్చు సిరా పూస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు అక్షరాల మీదే అంటుతుంది. పలక మీద తప్పు దొర్లితే దిద్దడానికి సంగ్‌సాజ్ అనే పనివాడు వేరే ఉండేవాడు. అతను అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిరగేసి, కాతిబు చేతిరాతలో కలిసిపోయేలా రాయాలి. ఎంతో నేర్పు కావలసిన ఆ పని చేసినవాళ్ల పేర్లు పుస్తకాల మీద ఎక్కడో గాని కనిపించవు.

ఐరోపాలో రాతి అచ్చు ప్రధానంగా బొమ్మలకూ, పటాలకూ, సంగీత లిపికీ ఉపయోగపడింది. ఉర్దూ, ఫారసీలకు వచ్చేసరికి అది పుస్తకాల అచ్చుకే పునాది అయింది. కలాన్ని పక్కన పెట్టకుండానే ప్రతులు వందలూ వేలూ తీసే వీలు దొరికింది. లక్నోలో 1858లో మొదలైన నవల్ కిశోర్ ముద్రణాలయం దీనితోనే మహా సంస్థగా ఎదిగింది. హైదరాబాద్‌లో అంతకుముందే, 1840 ప్రాంతంలో, పాయిగా అమీరు షమ్సుల్ ఉమరా పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి సొంత రాతి అచ్చు మీద వేయించాడు. 1888లో ఏర్పడ్డ దాయిరతుల్ మఆరిఫ్ మాత్రం ప్రాచీన అరబ్బీ గ్రంథాలను లోహపు అచ్చుల్లో తెచ్చింది. అరబ్బీకి వాడే నస్ఖ్ శైలి ఒకే గీత మీద నిలబడుతుంది కనుక అది సాధ్యమైంది. అలా ఒకే నగరంలో అరబ్బీ సీసపు అచ్చుల్లోనూ, ఉర్దూ రాతి పలకల మీదా అచ్చవుతూ వచ్చాయి.

1917లో అనువాద సంస్థ, 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక కాతిబుల పని ఇంకా పెరిగింది. వైద్యం, ఇంజనీరింగు, గణితం పుస్తకాలను ఉర్దూలో తయారు చేయాలంటే సమీకరణాలూ పటాలూ కూడా చేత్తో రాయగలవాళ్లు కావాలి. అదే కాలంలో ఉర్దూను నస్ఖ్ అచ్చులకు మార్చాలన్న వాదన దేశమంతటా బలంగా నడిచింది. మౌలానా ఆజాద్ 1912లో కలకత్తా నుంచి తెచ్చిన అల్ హిలాల్ పత్రిక లోహపు అచ్చుల్లోనే వచ్చింది. 1928లో టర్కీ అరబ్బీ లిపినే వదిలి రోమన్‌కు మారింది. వేగం, చవక, టైపు యంత్రం కొట్టగలగడం వంటి లాభాలన్నీ అచ్చుల పక్షానే ఉన్నాయి. అయినా ఉర్దూ చదవరి నస్తాలిక్‌ను వదలలేదు. దీన్ని మొండితనంగా కొట్టిపారేసినవాళ్లు అప్పట్లో చాలామందే. కానీ నస్తాలిక్ చదవడం నేర్చిన కన్ను పదాన్ని అక్షరాలుగా విడగొట్టుకోదు, పదం మొత్తం వాలును ఒకేసారి పట్టుకుంటుంది. నస్ఖ్‌లో వేసిన ఉర్దూ వాళ్లకు నత్తిగా వినిపించినట్టు ఉండేది. చదవరుల పట్టుదలకు గట్టి ఆధారమే ఉంది.

పత్తర్‌గట్టీ దగ్గర నుంచి పురానీ హవేలీ వైపు సాగే ఛత్తా బజార్ ఈ పనికి కేంద్రంగా పేరు తెచ్చుకుంది. దారుల్‌షిఫా, నిజాముల మంత్రులైన సాలార్‌జంగ్‌ల నివాసం దివాన్ దేవ్‌డీ దగ్గర్లోనే. 1908 మూసీ వరద తర్వాత నగరాభివృద్ధి సంస్థ పత్తర్‌గట్టీని రాతి కమానులతో కొత్తగా తీర్చింది. ఛత్తా బజార్ మాత్రం ఇరుకు దుకాణాలతో, ముద్రణాలయాలతో తన పాత తీరులోనే నిలిచింది. పెళ్లి కార్డులు, గోడ పత్రికలు, ముషాయిరా కరపత్రాలు, దుకాణాల బోర్డులు, సమాధి ఫలకాల రాత, కవుల సంపుటాలు అన్నీ ఇక్కడికే వచ్చేవి. కాతిబు నేల మీద కూర్చుని, ఒక మోకాలు ఎత్తి, దాని మీద పలక ఆనించి రాసేవాడు. ముద్రణాలయంలో రాళ్లు పోయి జింకు రేకులు, ఆపైన ఆఫ్‌సెట్ వచ్చాయి. పసుపు కాగితం బదులు పలచని బటర్ పేపర్ మీద రాయడం మొదలైంది. దాన్ని ఫొటో తీసి రేకు మీదికి ఎక్కించేవారు. యంత్రంలో ఇన్ని మార్పులు వచ్చినా కాతిబు కూర్చున్న చోటు, చేసే పని అలాగే సాగాయి.

1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక ఉర్దూకు రాజభాష హోదా పోయింది. ఉస్మానియా ఇంగ్లీషు మాధ్యమానికి మళ్లింది. కచేరీల నుంచి వచ్చే పని తగ్గి, పత్రికలే కాతిబులకు ప్రధాన ఆధారమయ్యాయి. 1949లో ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ స్థాపించిన సియాసత్‌తో సహా నగరంలోని ఉర్దూ దినపత్రికలన్నీ దశాబ్దాల పాటు చేతిరాతతోనే వెలువడ్డాయి. వార్తను ముక్కలుగా పంచుకుని కొందరు ఒక్కసారే రాసేవారు. ఆ ముక్కలను పేజీగా అతికేవారు. వేర్వేరు చేతులు రాసినవి పాఠకుడికి ఒకే చేతిరాతలా కనిపించాలి. చుక్క కొలత అందరికీ ఒకటే కాబట్టి అది కుదిరింది. వరుస చివర చోటు మిగిలితే కాతిబు ఒక అక్షరాన్ని సాగదీసేవాడు, చాలకపోతే ఆఖరి పదాన్ని పైకి ఎక్కించేవాడు. ఎక్కడ సాగదీస్తే అందమో, ఎక్కడ అర్థం చెడుతుందో అతనికి తెలుసు. రాసేవాడికి భాష కూడా వచ్చి ఉండడం ఈ వృత్తికి పెద్ద బలం. దీన్ని ఒట్టి నకలు పనిగా లెక్కగట్టి తక్కువ కూలి ఇవ్వడం జరిగిన అన్యాయం.

మార్పు లాహోర్ నుంచి వచ్చింది. ఢిల్లీలో పుట్టి కరాచీలో స్థిరపడ్డ మీర్జా అహ్మద్ జమీల్ ఒక సంగతి గ్రహించాడు. అక్షరాలను విడగొట్టి అతకడం కుదరనప్పుడు, కలిసిన గుంపులనే మొత్తంగా గీసి యంత్రానికి ఇస్తే సరిపోతుంది. సుమారు 20 వేల అక్షర సంపుటులను గీసి, మోనోటైప్ సంస్థ లేజర్ యంత్రానికి ఎక్కించాడు. దానికి నూరీ నస్తాలిక్ అని పేరు. 1981లో జంగ్ పత్రిక లాహోర్ కూర్పు దానితో వెలువడింది. రెండు శతాబ్దాల వైఫల్యం తర్వాత దొరికిన ఈ పరిష్కారంలో కలం గీసిన అక్షరాన్ని ఎక్కడా సవరించలేదు. యంత్రం జ్ఞాపకశక్తిని పెంచి, ఆ అక్షరం దాంట్లో పట్టేలా చేశారు.

అంత ఖరీదైన యంత్రం చిన్న దుకాణాలకు అందేది కాదు. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ అదే నూరీ నస్తాలిక్‌తో ఇన్‌పేజ్ అనే ప్రోగ్రామును మామూలు కంప్యూటర్లకు తెచ్చింది. ఆ దశాబ్దంలోనే ఉర్దూ పత్రికలు ఒక్కొక్కటే దానికి మారాయి. రాత్రంతా కొందరు కూర్చుని రాసే పేజీని ఒక్కరు కొన్ని గంటల్లో కూర్చగలిగారు. కాతిబుల్లో కొందరు కీబోర్డు నేర్చుకున్నారు, చాలామంది వేరే పనులు చూసుకున్నారు. ఛత్తా బజార్‌లో కార్డులు వేసే దుకాణాలు మిగిలాయి, వాటి ముందు కూర్చుని రాసేవాళ్లు పలచబడ్డారు. తొలి ఇన్‌పేజ్ పేజీల్లో పదం ఎక్కడ వచ్చినా ఒకే రూపంలో వచ్చేది. చోటును చూసి అక్షరం సాగదీసే ఆ కాతిబు వివేకం అందులోకి రాలేదు. వేగం కోసం వదులుకున్నది అదే. మద్రాసులో 1927లో మొదలైన ది ముసల్మాన్ పత్రిక మాత్రం ఇన్‌పేజ్ వచ్చాక కూడా తన నాలుగు పేజీలనూ చేతిరాతతోనే తెచ్చింది.

మార్పుల మధ్య తన తీరు మార్చుకోని రెల్లు కలం లాంటి పనిముట్టుకు తెలుగు వైపు కూడా కంప్యూటర్ కాలంలో దగ్గరి ఉదాహరణ ఉంది. తెలుగు అచ్చు చాలాకాలం ఒకదానికొకటి పొసగని ఫాంట్లలో చిక్కుకుంది. 2006లో వీవెన్ తయారు చేసిన లేఖిని అనే వెబ్ పరికరంలో రెండు పెట్టెలు ఉంటాయి. ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే మరోదాంట్లో యూనికోడ్ తెలుగు వస్తుంది. దాని వెనక వెన్న నాగార్జున రాసిన పద్మ ప్రోగ్రాము, ఇంకా వెనక 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఉన్నాయి. చిన్నబడి టీ కొడితే త, పెద్దబడి టీ కొడితే ట. ఆ తర్వాత పెద్ద సంస్థల పరికరాలు వచ్చి, మనసులో మాట ఊహించి పదాలు అందించడం మొదలుపెట్టాయి. లేఖిని ఆ దారి పట్టలేదు. తెలుగును తిరిగి రోమన్‌లోకి మార్చే పని అవసరమైనప్పుడు కూడా దాన్ని లేఖినిలో కలపకుండా నిఖిలే అని విడిగా పెట్టారు. ఏ కీ కొడితే ఏ అక్షరం వస్తుందో ముందే తెలిసి ఉండడం వల్ల వేళ్లు దానికి అలవాటు పడ్డాయి. తెలుగు బ్లాగుల తొలి తరంలో ఎంతోమంది తమ మొదటి తెలుగు వాక్యాన్ని కంప్యూటర్‌లో ఆ పెట్టెలోనే చూసుకున్నారు. నుఖ్తా కొలత కాతిబులకు ఇచ్చిన భరోసా కూడా ఈ రకమైనదే. ఒకే కోతకు ఎప్పుడూ ఒకే చుక్క పడుతుంది కాబట్టే ఉస్తాద్ చేతి అభ్యాసం శిష్యుడికి చెల్లింది.

ఇన్‌పేజ్ తొలి కూర్పులకు యూనికోడ్ లేదు. అందులో కూర్చిన పాఠం మరోచోట తెరుచుకునేది కాదు. 2008 ప్రాంతంలో జమీల్ నూరీ నస్తాలిక్ అనే ఉచిత యూనికోడ్ ఫాంటు వచ్చాక ఇంటర్నెట్‌లో ఉర్దూ నస్ఖ్ నుంచి నస్తాలిక్‌కు మళ్లడం ఊపందుకుంది. తరువాత గూగుల్ నోటో నస్తాలిక్ ఉర్దూ తెచ్చింది. 2017లో ఆపిల్ ఫోన్లలో ఉర్దూకు నస్తాలిక్ చేరింది. వాలుగా దిగే గీతను తెర మీద నిలపడానికి ఫాంటు ఇంజనీర్లు ప్రతి అక్షరం ఎంత కిందికి దిగాలో లెక్క కట్టారు. ఆ లెక్కలకు ఆధారంగా పెట్టుకున్నది పాత ఉస్తాదుల రాతలనే.

అదే 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ఆమోదించింది. ఉర్దూ అభివృద్ధి జాతీయ మండలి నగరాల్లో ఖత్తాతీ అనే ఈ అందమైన చేతిరాత శిక్షణకు తోడ్పడుతోంది. 1931లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారా ఎ అదబియాత్ ఎ ఉర్దూ పంజాగుట్టలోని ఐవాన్ ఎ ఉర్దూలో పాత రాతప్రతులను భద్రపరుస్తోంది. దారుల్‌షిఫా పక్కనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో మొగలుల, దక్కను లేఖకుల రాతలు ప్రదర్శనలో ఉన్నాయి. పాతబస్తీలో కలం పని ఇప్పుడు పత్రికల తలకట్టులకు, మసీదు ఫలకాలకు, పెళ్లి కార్డుల మీది వధూవరుల పేర్లకు, ఇళ్లలో వేలాడదీసే తుగ్రాలనే అక్షరచిత్రాలకు పరిమితమైంది. వీటిలో చాలావాటిని స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెంచి అచ్చు వేస్తారు, మొదటి రాత మాత్రం వాలుగా తెంచిన కలంతోనే రాస్తారు.